కారు పెయింట్ పాలిషింగ్

కారు రంగు మీద పడిన సన్నని గీతలను, మసకను రాపిడి ముద్దతో రుద్ది తొలగించి, మెరుపు తెప్పించే పనిని పెయింట్ పాలిషింగ్ అంటారు. షెడ్లలో దీనికి రబ్బింగ్, బఫింగ్ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ఇది గీతను పూడ్చే పని కాదు. గీత చుట్టూ ఉన్న పూతను గీత అడుగు మట్టం దాకా అరగదీసే పని. అందుకే పాలిష్ చేసిన ప్రతిసారీ పూత కొంత తరుగుతుంది.

పూతలోని పొరలు

నేటి కార్ల రేకు మీద తుప్పు పట్టకుండా కాపాడే పూత, ప్రైమర్, రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. మెరుపునిచ్చేదీ ఎండను తట్టుకునేదీ ఈ పొరే. పాలిషింగ్ జరిగేదీ దీని మీదే. క్లియర్ కోట్ లేని పాత కార్లను పాలిష్ చేస్తే రుద్దే ప్యాడ్‌కు కారు రంగే అంటుకుంటుంది.

సుడిగీతలు

నీడలో నున్నగా కనిపించే నల్ల కారు ఎండలోకి రాగానే బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు గీతలు కనిపిస్తాయి. ఇవే స్విర్ల్ మార్కులు. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. వెలుగును మన కంటివైపు తిప్పేవి మాత్రమే మెరవడంతో, వెలుగు చుట్టూ వలయాలుగా తోస్తాయి. మనం పక్కకు జరిగితే వలయమూ మనతోపాటే జరుగుతుంది.

వీటికి ముఖ్య కారణం దుమ్మును పొడిగుడ్డతో తుడవడం. అపార్ట్‌మెంట్లలో రోజూ పొద్దున్నే ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచే అలవాటు వల్ల ఆ గుడ్డలో చిక్కిన ఇసుక రేణువులే పూతను గీస్తాయి. బ్రష్షులతో కడిగే యంత్రాలు, సరిగా చేయని బఫింగ్ కూడా ఈ గీతలను మిగులుస్తాయి.

గీత లోతు

గీతకు అడ్డంగా గోరు నెమ్మదిగా లాగాలి. గోరు తట్టుకోకపోతే ఆ గీత సాధారణంగా పాలిష్‌తో పోతుంది. తట్టుకుంటే గీత లోతైనది. దాన్ని పూర్తిగా తీసే ప్రయత్నంలో క్లియర్ కోటే పోవచ్చు. లోపల ప్రైమర్ గానీ రేకు గానీ కనిపిస్తే టచప్ లేదా కొత్త పెయింట్ తప్ప మార్గం లేదు.

పని విధానం

ముందు కారును షాంపూతో కడిగి, అంటుకున్న తారు, లోహపు రజను, జిగురు వంటివి క్లే బార్ అనే మెత్తని ముద్దతో తీస్తారు. రబ్బరు బీడింగులకు, ప్లాస్టిక్ భాగాలకు టేపు అతికిస్తారు. పూత మందాన్ని గేజ్‌తో కొలిచాక, చిన్న చోట తక్కువ రాపిడి ఉన్న పాలిష్‌తో పరీక్షిస్తారు. అది చాలకపోతేనే రాపిడి ఎక్కువగా ఉన్న కాంపౌండ్ వాడతారు.

పాలిష్ చేసే మెషిన్లలో రోటరీ మెషిన్ ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిరగిర తిరుగుతుంది. వేగంగా కోస్తుంది, వేడీ ఎక్కువ. డ్యూయల్ యాక్షన్ మెషిన్ ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి కొత్తవాళ్లకు అదే సురక్షితం. రెండడుగుల చదరంలో పని చేస్తూ, మెషిన్‌ను నెమ్మదిగా, ఒక వరస సగం మరో వరస మీదికి వచ్చేలా నడపాలి. ఆ చదరం అయ్యాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో నూనె జిడ్డు తీసి, లైటు వెలుగులో చూడాలి. జిడ్డు తీయకుండా చూస్తే అది గీతలను కప్పేసి, అవి పోయాయనే భ్రమ కలిగిస్తుంది.

జాగ్రత్తలు

డోర్ అంచులు, బానెట్ మడతల దగ్గర పూత పలుచగా ఉంటుంది. అక్కడ మెషిన్ కొద్ది క్షణాలు ఆగినా రంగు బయటపడే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ బంపర్ వేడిని త్వరగా వదలదు కాబట్టి అక్కడా జాగ్రత్త అవసరం. ఎండలో నిలిపిన, వేడెక్కిన కారును పాలిష్ చేయరాదు. మ్యాట్ పెయింట్‌కు ఈ పని పనికిరాదు, మచ్చలుగా మెరుపు తేలుతుంది.

తర్వాతి సంరక్షణ

పాలిష్ అయ్యాక మైనం, సీలెంట్ లేదా సిరామిక్ కోటింగ్ వేస్తారు. ఇవి నీటిని, మురికిని నిలవనివ్వవు గానీ లోతైన గీతలను ఆపలేవు. కడిగేటప్పుడు సబ్బునీళ్లకు ఒక బకెట్టు, కారు రుద్దే మిట్ (చేతి తొడుగు) జాడించడానికి ఇంకో బకెట్టు పెట్టుకోవాలి. కింద పడిన గుడ్డను మళ్లీ కారుకు తాకించకూడదు.

తరిగిన క్లియర్ కోట్ తిరిగి పెరగదు. ఒకసారి పాలిష్ చేయించాక దుమ్మును పొడిగుడ్డతో కాకుండా నీళ్లతో వదిలించడమే ఆ పలుచని పొరకు మనం చేయగల మేలు.