గోనె సంచి దాటిన సముద్రం, దాటని పొగ

ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి దిగుమతులపై కర్బన సుంకాన్ని అమలు దశకు తెచ్చింది. వస్తువు తయారీలో వెలువడిన కర్బనానికి మూల్యం చెల్లించాలన్నది దాని సారాంశం. సూత్రం సమంజసమే. అయితే ఆ ఖాతా ఏ సంవత్సరం నుంచి తెరవాలన్నది కోల్‌కతా చరిత్ర వేసే ప్రశ్న.

1855 ఫిబ్రవరిలో హావ్‌డా నుంచి రాణీగంజ్ బొగ్గు గనుల వరకు రైలు మార్గం ప్రారంభమైంది. అదే ఏడాది కలకత్తాకు ఎగువన రిష్రాలో జార్జ్ ఆక్లండ్ దేశంలోనే తొలి జనపనార నూలు మిల్లును నెలకొల్పాడు. యంత్రాలు స్కాట్లాండ్‌లోని డండీ నుంచి, నార బెంగాల్ పొలాల నుంచి వచ్చాయి. ఆవిరి యంత్రాలకు ఆహారం బొగ్గు. ఇరవయ్యో శతాబ్దారంభానికి హుగ్లీ తీరపు మిల్లులు డండీనే మించిపోయాయి. అక్కడ నేసిన సంచులలో గోధుమలు, కాఫీ గింజలు ఖండాంతరాలకు తరలాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ సంచులే కందకాల ముందు ఇసుక బస్తాలయ్యాయి.

సరుకు ఓడలెక్కింది, పొగ మాత్రం మిల్లు పేటల మీదనే నిలిచింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలసవెళ్లి టీటాగఢ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కార్మికులు పీల్చినదీ ఆ గాలినే.

పాలకులు దీనిని గమనించకపోలేదు. 1863లో కలకత్తా, హావ్‌డాలకు, 1905లో బెంగాల్‌కు పొగ నియంత్రణ చట్టాలు చేశారు. కానీ ఆ చట్టాల దృష్టి కొలిమిని, పొగగొట్టాన్ని దాటి పోలేదు. సంచి కొన్న దేశానికి ఆ మసిలో వాటా ఉందన్న ఊహే వాటిలో లేదు.

1992 నాటి వాతావరణ ఒడంబడిక కింద సాగే లెక్కలదీ ఇదే తీరు. ఉద్గారం ఏ దేశపు సరిహద్దులలో వెలువడితే ఆ దేశపు పద్దులోనే చేరుతుంది. వస్తువును అనుభవించిన దేశపు పద్దు శుభ్రంగా మిగులుతుంది. కొత్త సుంకం ఈ లోపాన్ని గుర్తించినట్లే కనిపిస్తుంది. కానీ వసూలైన సొమ్ము చేరేది ఐరోపా ఖజానాకే, పొగను భరించిన ఊళ్లకు కాదు. పైగా నేటి ఉక్కులోని కర్బనాన్ని గ్రాములతో తూచే ఆ తక్కెడ, నిన్నటి గోనె సంచిని తూచనే తూచదు.

నేటి భారత పరిశ్రమ తన పొగ తగ్గించుకోవలసిన బాధ్యత నుంచి ఈ చరిత్ర విముక్తి కల్పించదు. బేరం కుదుర్చుకునే బల్ల వద్ద భారత ప్రతినిధులు ముందుంచవలసిన పాత బాకీ పత్రం మాత్రం ఇదే. దాని మొదటి పద్దు 1855 నాటిది.