పెద్ద ఆటగాళ్ళు పెద్ద గురువులవుతారా? ఫతే మైదాన్ చెప్పే మూడు కథలు

మన హైదరాబాదులో "కోచింగ్" అనే మాటకి రాజధాని ఏదంటే అశోక్‌నగర్, చిక్కడపల్లి అనే చెప్పాలి. గ్రూప్-1, సివిల్స్, బ్యాంకు పరీక్షలు... ఏది కావాలన్నా అక్కడ దొరుకుతుంది. కాస్త ఇటు నారాయణగూడ దాకా వస్తే ఇంటర్, ఇంజనీరింగ్ ఎంట్రన్సుల గోల. ఆ సెంటర్లలో పాఠాలు చెప్పే మాస్టార్లలో సివిల్స్ ఇంటర్వ్యూ దాకా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు బోలెడుమంది. "ఆయనకే రాలేదు, మనకేం నేర్పుతాడులే" అని అక్కడ ఎవరూ అనరు. ఫీజు కట్టి ముందు బెంచీ కోసం కొట్టుకుంటారు.

అదే ఆటల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. కోచ్ అనగానే మన మొదటి ప్రశ్న "ఆయన ఇండియాకి ఆడాడా?" అని. ఇక మన ఐటీ కంపెనీల్లో అయితే చెప్పక్కర్లేదు. టీములో అందరికంటే బాగా కోడ్ రాసేవాణ్ణి పట్టుకొచ్చి లీడ్‌ని చేస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఒక మంచి ప్రోగ్రామర్ పోయి ఒక నాసిరకం మేనేజరు మిగులుతాడు. ఇది నేను ఒకటికి రెండు కంపెనీల్లో చూశాను, మీరూ చూసే ఉంటారు :)

ఇంతకీ ఏది నిజం? బాగా ఆడినవాడు బాగా నేర్పగలడా, లేక ఆ రెండూ వేర్వేరు విద్యలా? అమెరికాలో కాలేజీ కుస్తీ గురించి ఈ చర్చ ఎప్పట్నుంచో ఉంది. దానికి జవాబు వెతకడానికి మనం అంతదూరం పోనక్కర్లేదు. అశోక్‌నగర్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు వస్తే బషీర్‌బాగ్. అక్కడి ఫతే మైదాన్, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం, ఈ ప్రశ్నకి ఒక ప్రయోగశాల లాంటిది. 1687లో గోల్కొండ ముట్టడి అప్పుడు ఔరంగజేబు సైన్యం ఇక్కడ గుడారాలు వేసిందని, గెలిచాక దీనికి "విజయ మైదానం" అని పేరొచ్చిందని చెప్తారు. 1967లో శాస్త్రి గారి పేరు పెట్టారు. ఈ మైదానం చుట్టూ తిరిగిన హైదరాబాదు ఆటల చరిత్రలోంచి ముగ్గురు కోచ్‌లని చూద్దాం. ముగ్గురూ మూడు రకాలు.

మొదటాయన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు కొంతమందికి తెలిసింది. అంతకుముందు హైదరాబాదులో ఉన్నవాళ్ళకి కూడా పెద్దగా తెలీదు. 1909లో పుట్టాడు. ఉస్మానియాలో బీఏ చదివి టీచరు ఉద్యోగంలో చేరాడు. మన నారాయణగూడ పక్కనే ఉన్న కాచిగూడ మిడిల్ స్కూలు కూడా ఆయన పనిచేసిన వాటిల్లో ఒకటి. ఫుట్‌బాల్ ఆడాడు, బాగానే ఆడాడు. కానీ దేశం గుర్తుపెట్టుకునే ఆటగాడు మాత్రం కాదు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా వాళ్ళు ఫుట్‌బాల్ మా సొత్తు అనుకునే రోజుల్లో అన్నమాట.

భారత జట్టు ఆయన చేతిలో ఉన్నప్పుడు 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ బంగారం. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో కొట్టాం. ఇప్పుడు వింటే పుక్కిటి పురాణంలా ఉంటుంది.

ఇదంతా ఎలా చేశాడంటే, బడిపంతులు చేసినట్టే చేశాడు. కుర్రాళ్ళు బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే పరిగెత్తే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే షరతుతో టోర్నమెంట్లు పెట్టాడు. రెండో కాలు కూడా పనికి రావాలని, బలహీనమైన కాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీలు. గమనించండి, ఇవి "నేనెలా ఆడతానో చూడు" అనే పద్ధతి కాదు. పిల్లాడికి ఏది రాదో కనుక్కుని, అది రావడానికి ఒక ఎక్సర్‌సైజు తయారుచెయ్యడం. 1962లో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే బెంచి మీద కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని ముందుకి జరిపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. కొరియాతో ఫైనల్లో మనం కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి ఆ కుట్లేసిన జర్నైల్ సింగ్‌దే. అప్పటికే రహీంకి క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయాడు.

రెండో ఆయన ఎస్.ఎం. ఆరిఫ్. ఆట బ్యాడ్మింటన్, చోటు ఫతే మైదాన్ ఇండోర్ స్టేడియం. కాలేజీ రోజుల్లో ఆడాడు. అంతర్జాతీయ టైటిళ్ళేం లేవు. పాటియాలా వెళ్ళి కోచింగ్‌నే ఒక చదువుగా చదువుకుని వచ్చాడు. ఆయన చేతికింద నుంచి వచ్చినవాళ్ళ పేర్లు చూడండి: పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, గుత్తా జ్వాల. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ వచ్చాయి. బ్యాడ్మింటన్ ప్రపంచం బయట ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ.

ఇక్కడిదాకా చూస్తే లెక్క తేలిపోయినట్టే ఉంటుంది. పెద్ద ఆటగాడు కాకపోవడమే పెద్ద కోచ్‌కి అర్హత, అశోక్‌నగర్ మాస్టార్ల లాగా. క్రికెట్ కూడా అదే సాక్ష్యం చెప్తుంది. 1999లో కపిల్ దేవ్ కోచ్ అయితే ఆస్ట్రేలియాలో 3-0తో, సొంతగడ్డ మీద సౌతాఫ్రికాతో 2-0తో టెస్టులు పోయాయి. ఏడాదికే దిగిపోయాడు. కపిల్ పక్కన నిలబెడితే మామూలు ఆటగాడే అనిపించే జాన్ రైట్ వచ్చాక జట్టు నిలదొక్కుకుంది. మన హైదరాబాద్ రంజీ స్పిన్నర్ ఆర్. శ్రీధర్ ఇండియాకి ఒక్క మ్యాచ్ ఆడకపోయినా 2014 నుంచి 2021 దాకా జాతీయ జట్టుకి ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్నాడు.

కానీ ఈ సిద్ధాంతాన్ని తల్లకిందులు చెయ్యడానికి మూడో మనిషి ఉన్నాడు. గోపీచంద్.

ఇతను అసలు సిసలు కాలేజీ స్టార్. ఫతే మైదాన్‌కి దగ్గర్లోని సెయింట్ పాల్స్‌లో స్కూలు, దోమలగూడ ఏవీ కాలేజీలో డిగ్రీ. 1990, 1991లలో దేశంలోని యూనివర్సిటీలన్నిటి ఉమ్మడి జట్టుకి కెప్టెన్. మన ఇంజనీర్లకి నచ్చే ముక్క ఒకటుంది. అన్నదమ్ములిద్దరూ బ్యాడ్మింటన్ ఆడేవారట. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో అన్న పాసై ఐఐటీకి వెళ్ళిపోయాడు, ఆట ఆగిపోయింది. తమ్ముడు ఫెయిలయ్యాడు కాబట్టి ఆడుతూ ఉండిపోయాడు. ఇది గోపీచందే చాలాసార్లు నవ్వుతూ చెప్పుకున్న సంగతి. ఆ పరీక్షలో ఇంకొన్ని మార్కులొచ్చి ఉంటే ఇవాళ మన పక్క క్యూబికల్లో కూర్చుని డిప్లాయ్‌మెంట్ గురించి తిట్టుకుంటూ ఉండేవాడేమో!

1994లో పూణె నేషనల్ గేమ్స్‌లో మోకాలు లిగమెంట్ తెగింది. ఆపరేషన్లు. ఆ కాలంలో అలాంటి దెబ్బ తగిలితే ఆట అయిపోయినట్టే. కానీ 1996 నుంచి 2000 దాకా వరసగా ఐదేళ్ళు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత మళ్ళీ ఒక భారతీయుడు గెలవడం అదే మొదలు.

ఇంత పెద్ద ఆటగాడు కోచ్ అయ్యాక ఏం జరిగిందో మనందరికీ తెలుసు. 2012 లండన్‌లో సైనాకి కాంస్యం, 2016 రియోలో సింధుకి రజతం. కశ్యప్, శ్రీకాంత్, సాయి ప్రణీత్, ప్రణయ్, సాత్విక్... 2022లో థామస్ కప్ మొట్టమొదటిసారి గెలిచిన జట్టులో సగం మంది గచ్చిబౌలి కోర్టుల్లో చెమటోడ్చినవాళ్ళే. తను ఆడి గెలవలేకపోయిన ఒలింపిక్ పతకాన్ని ఇద్దరు శిష్యులతో గెలిపించాడు.

మరి కపిల్‌కి కుదరనిది గోపీకి ఎలా కుదిరింది?

నాకు తోచిన జవాబు ఆ మోకాలిలో ఉంది. పుట్టుకతో వచ్చిన విద్య ఉన్నవాడికి తను ఏం చేస్తున్నాడో తనకే తెలీదు. "బంతి వచ్చింది, కొట్టాను" అంటాడు. ఇది మన సూపర్ ప్రోగ్రామర్ "లాగ్ చూడగానే తెలిసిపోయింది" అనడం లాంటిదే. వినేవాడికి ఉపయోగం సున్నా. కాలు పోయినవాడు అలా కాదు. ఎలా నిలబడాలి, ఎక్కడ బరువు మోపాలి, ఎలా దూకితే కీలు తట్టుకుంటుంది అని ప్రతిదీ రెండోసారి నేర్చుకోవాలి. ఇరవయ్యేళ్ళు దాటాక, తెలివితో, ముక్కలు ముక్కలుగా. అలా నేర్చుకున్నదాన్నే ఇంకొకరికి చెప్పగలం.

అమెరికా కుస్తీ మాట ఇందాక వచ్చింది కదా. అక్కడి డాన్ గేబుల్ కథ కూడా ఇలాంటిదే. ఐయోవా స్టేట్ కాలేజీలో ఓటమే ఎరగకుండా వచ్చి, 1970లో చిట్టచివరి బౌట్‌లో లారీ ఓయింగ్స్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఒక్క ఓటమి తర్వాత సాధన రెట్టింపు చేసి 1972 మ్యూనిక్‌లో ఒక్క పాయింటు ఇవ్వకుండా బంగారం గెలిచాడు. తర్వాత ఐయోవా యూనివర్సిటీ కోచ్‌గా 15 జాతీయ టైటిళ్ళు. అలాగని ఓడితేనే కోచ్ అవుతారని సూత్రం రాసెయ్యడానికి లేదు. కేల్ శాండర్సన్ కాలేజీలో 159 బౌట్లు ఆడి ఒక్కటీ ఓడలేదు. అయినా 2009లో పెన్ స్టేట్ చేరాక పదికి పైగా టైటిళ్ళు తెచ్చాడు. కాబట్టి దెబ్బ తగలడం ఒక దారి మాత్రమే, ఏకైక దారి కాదు.

అందరిలోనూ కనిపించేది ఇంకొకటి ఉంది. కోచింగ్‌ని రిటైర్‌మెంట్ తర్వాతి కాలక్షేపంగా కాక అసలు ఉద్యోగంగా తీసుకోవడం. రహీంకి బడి అదే నేర్పింది, ఆరిఫ్‌కి పాటియాలా. గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు కోలా కంపెనీ ప్రకటన వద్దన్నాడు. గచ్చిబౌలిలో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టాడు. రియో ముందు సింధు ఫోను మూడు నెలలు తీసేసుకున్నాడని అందరం చదివాం. కానీ తెల్లారకముందే కోర్టులో తనూ ఉండి రాకెట్ పట్టుకుని ఎదుట నిలబడ్డాడన్నది అంతకంటే ముఖ్యం. "నేను ఛాంపియన్ని" అన్న సంగతి మర్చిపోతే తప్ప ఎవడూ ఆ పని చెయ్యడు.

గోపీచంద్‌ని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. డబుల్స్‌ని పట్టించుకోలేదని జ్వాల ఏళ్ళ తరబడి గట్టిగానే విమర్శించింది. 2014లో సైనా బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళిపోయి మూడేళ్ళకి తిరిగొచ్చింది. సింధు 2021 టోక్యో కాంస్యం కొరియా కోచ్ పార్క్ దగ్గర తయారై గెలిచింది. పైగా సైనాని చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో గుర్తించిన నానీ ప్రసాద్, సింధుకి సికింద్రాబాద్‌లో మొదట రాకెట్ పట్టడం నేర్పిన మెహబూబ్ అలీ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? పతకం మెడలో పడేటప్పుడు పక్కన నిలబడినవాడే కోచ్ అని మన లెక్క.

ఈ చరిత్రలో నన్ను నిజంగా బాధపెట్టేది రహీం తర్వాత జరిగింది. ఆయన తయారుచేసిన పి.కె. బెనర్జీ తర్వాత పెద్ద కోచే అయ్యాడు. 1970 ఏషియన్ గేమ్స్ కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ మన హైదరాబాదీ నయీముద్దీన్. అతనూ కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నాడు. కానీ వాళ్ళ కోచింగ్ జీవితం ఎక్కువగా కలకత్తా క్లబ్బుల్లోనే గడిచింది. హైదరాబాదులో రహీం పద్ధతిని పట్టుకుని నడిపే అకాడమీ ఒక్కటీ నిలబడలేదు. 1970 తర్వాత ఏషియన్ గేమ్స్ పురుషుల ఫుట్‌బాల్‌లో మనకి ఒక్క పతకం లేదు. బ్యాడ్మింటన్‌లో మాత్రం ఆరిఫ్ గోపీని తయారుచేశాడు, గోపీ ఒక సంస్థని తయారుచేశాడు. జ్వాల కూడా 2020లో మొయినాబాద్‌లో అకాడమీ తెరిచింది. తీగ తెగలేదు.

కాబట్టి "పెద్ద ఆటగాడు పెద్ద కోచ్ అవుతాడా" అన్నదానికి నా సమాధానం: అవ్వచ్చు, కానీ ఆట వల్ల కాదు. తనకి వచ్చింది ఎలా వచ్చిందో చెప్పగలిగితే, తన పేరు పక్కన పెట్టగలిగితే, తను లేనప్పుడు కూడా పని నడిచే ఏర్పాటు చేస్తే అవుతాడు. మొదటి రెండూ రహీంకి ఉన్నాయి. మూడోది మాత్రం ఒక్కడి చేతిలో ఉండేది కాదు, ఊరు చెయ్యాల్సిన పని. మన ఊరు అది చెయ్యలేదు.

అప్రైజల్ సీజన్లో ఎవరిని లీడ్ చెయ్యాలి అని మీ మేనేజర్ అడిగితే, ఎవడు ఎక్కువ కోడ్ చెక్-ఇన్ చేశాడో చూడమనకండి. కొత్తగా చేరిన ఫ్రెషర్లు డౌటొస్తే ఎవడి డెస్క్ దగ్గరికి వెళ్తున్నారో చూడమనండి. సాధారణంగా వాడే.