మూడింట ఒకటి ఆపితే మంచి గోలీ

హాండ్‌బాల్ అంటే మనలో చాలామందికి పేరు తెలుసేమోగానీ ఆట తెలీదు. జట్టుకి ఏడుగురు. వాళ్లలో ఒకరు గోలీ. ఆమె వెనకాల 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గోలు. ఎదటివాళ్లు 6 మీటర్ల గీత దగ్గర గాల్లోకి ఎగిరి, మీదికొచ్చి పడుతూ బంతి విసురుతారు. క్రికెట్ వికెట్ కీపరుకున్నట్టు చేతికి గ్లవ్స్ ఉండవు. చేత్తో, మోకాలితో, పొట్టతో, దేంతో ఆపినా ఆపినట్టే. వచ్చినవాటిలో మూడింట ఒకటి ఆపిందంటే మంచి గోలీ కిందే లెక్క. మిగతా రెండూ గోలే! ఏ పనిలోనైనా ఇలాంటి లెక్కతో మెప్పు పొందడం ఎక్కడైనా విన్నారా?

హంగేరీలో పాలింగెర్ కతలిన్ చేసింది ఈ పనే. (వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు సుమండీ.) 1978 డిసెంబర్‌లో ఆస్ట్రియా సరిహద్దు దగ్గర మొషోన్‌మజ్యారోవార్ అనే ఊళ్లో పుట్టింది. పక్కనున్న జ్యోర్ పట్నం జట్టుకి చాలాకాలం ఆడింది. హంగేరీ ఆడపిల్లలకి ఈ ఆట కొత్తేమీ కాదు. 1965లోనే వాళ్లు ప్రపంచ విజేతలు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల హాండ్‌బాల్ మొదలైన 1976లోనే కంచు పతకం తెచ్చుకున్నారు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లిన జట్టులో కతలిన్ ఉంది. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఫైనల్లో ఆరు గోల్స్ ముందుండి కూడా డెన్మార్క్ చేతిలో 31–27తో ఓడిపోయారు. అదే ఏడు డిసెంబర్‌లో రుమేనియాలో ఉక్రెయిన్‌ని 32–30తో ఓడించి యూరప్ విజేతలయ్యారు.

అసలు కథ 2003 డిసెంబర్‌ది. క్రొయేషియాలో ప్రపంచ ఫైనల్, ఎదట ఫ్రాన్స్. హంగేరీ ఏడు గోల్స్ ముందుంది. గెలిచేశాం అనుకోవడానికి అంతకంటే ఏం కావాలి? కానీ ఫ్రాన్స్ ఒక్కొక్క గోలే తీర్చుకుంటూ వచ్చింది. ఆఖరి క్షణంలో వాళ్లకి 7 మీటర్ల పెనాల్టీ దొరికింది. టైము అయిపోయినా దాన్ని విసరనిస్తారు. అడ్డం నిలవడానికి తనవాళ్లెవరూ ఉండరు. విసిరే మనిషి, గోలీ, అంతే. కావాలంటే గోలీ 4 మీటర్ల గీత దాకా ముందుకి రావచ్చు. వస్తే ఎదటివాళ్లకి సందు తగ్గుతుంది, తనకి చూసుకునే వ్యవధీ తగ్గుతుంది. ఫ్రాన్స్ అమ్మాయి లైలా లెజూన్ గోల్ చేసింది. స్కోరు సమం. అదనపు సమయంలో 32–29తో ఫ్రాన్స్ గెలిచింది. ఏడు గోల్స్ ఎక్కడ జారిపోయాయని అడిగితే అందరూ గోలీ వైపే చూస్తారు. ఎదటివాళ్లకి బంతి పోగొట్టిన వాళ్లని ఎవరూ అడగరు. నాకిది న్యాయంగా తోచదు.

కతలిన్ మాత్రం గోల్ వదిలిపోలేదు. 2004లో సొంత దేశంలో జరిగిన యూరప్ పోటీల్లో కంచు. 2005 జనవరిలో తోటి క్రీడాకారిణి కుల్చార్ అనిత, 2004కి ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి, ఇరవై ఎనిమిదేళ్లకే కారు ప్రమాదంలో పోయింది. ఆ ఏడు డిసెంబర్‌లో ఆమె లేకుండానే రష్యా వెళ్లి ప్రపంచ పోటీల్లో కంచు తెచ్చారు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. సిడ్నీలో అందరికంటే చిన్నవాళ్లలో ఒకతెగా ఉన్న కతలిన్‌కి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. అప్పుడూ గోల్లోనే నిలబడి ఉంది.