జ్ఞాపకం చాలని యంత్రం

కంప్యూటరు చరిత్ర రాసేవారు ఎక్కువగా వేగాన్ని గురించి రాస్తారు. ఏ సంవత్సరంలో ఏ ప్రాసెసరు వచ్చింది, అది సెకనుకు ఎన్ని లెక్కలు కట్టింది అన్నదే ఆ చరిత్రకు వెన్నెముక. నాకు మాత్రం ఆ యంత్రపు జ్ఞాపకశక్తి కథ మీదే మక్కువ. ఎంత వేగంగా ఆలోచించగలిగినా, ఆలోచిస్తున్నదాన్ని కాసేపు నిలుపుకోలేని బుద్ధి ఏం చేయగలదు? అరకు లోయలో ఒక పాత డెస్క్‌టాప్‌కు మెమరీ పెంచవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి కాక చేతిలోకే వచ్చింది. ఆ ముచ్చట చెప్పడానికి ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్)లో మనవాళ్ళు స్వయంగా నిర్మించుకున్న కంప్యూటరు 1960లో పని మొదలుపెట్టింది. 1962లో దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టారు. దాని ముఖ్య జ్ఞాపకం 2,048 పదాలు; ఒక్కో పదానికి 40 బిట్లు. లెక్క కడితే 10,240 బైట్లు. నేటి యూనికోడు పద్ధతిలో (యూటీఎఫ్-8) ఒక తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక, అంత పెద్ద యంత్రమూ తన జ్ఞాపకమంతా ఖాళీ చేసుకుని కూర్చున్నా మూడువేల నాలుగువందల పైచిలుకు సంకేతాలకు మించి పట్టదు. అంటే నాలుగైదు పేజీల తెలుగు.

ఆ జ్ఞాపకం ఫెరైటు ఉంగరాలతో చేసినది. ఆవగింజంత ఉంగరాలను సన్నని తీగల మీద, పూసల చాప అల్లినట్లు అల్లేవారు. ఉంగరం ఏ దిక్కుగా అయస్కాంతీకరణం చెందితే దాన్ని బట్టి అది సున్నా లేదా ఒకటి. అమెరికాలో ఎం.ఐ.టి. వారి వర్ల్‌విండ్ యంత్రంలో 1953లో ఇటువంటి జ్ఞాపకాన్ని అమర్చారు. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఈసీఐఎల్, 1969లో అందించిన టీడీసీ-12 కూడా ఈ తరానికి చెందినదే. ఉంగరాల జ్ఞాపకానికి ఒక మంచి గుణం ఉంది: కరెంటు పోయినా మరచిపోదు. ఒక విచిత్రమైన గుణమూ ఉంది: చదివితే చెరిగిపోతుంది. అందుకని చదివిన ప్రతిసారీ అదే మాటను యంత్రం మళ్ళీ రాసుకునేది.

తరువాతి మలుపు ఐ.బి.ఎం.లో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ తిప్పినది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలు, ఒక బిట్టును దాచుకోవచ్చునన్న ఆయన ఊహకు 1968లో పేటెంటు దక్కింది. 1970లో ఇంటెల్ 1103 అనే చిప్పు 1,024 బిట్లతో బజారుకు వచ్చింది. ఉంగరాలు క్రమంగా మ్యూజియాలకు చేరాయి. కానీ ఈ కొత్త జ్ఞాపకం చిల్లికుండ వంటిది. దాచుకున్న విద్యుదావేశం నిరంతరం కారిపోతూ ఉంటుంది. మన ఇళ్ళలోని డెస్క్‌టాప్‌లలో మెమరీ చిప్పులు తమలో ఉన్నదంతా 64 మిల్లీసెకన్లకొకసారి, అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా, తిరిగి నింపుకుంటూ ఉండాలి. కరెంటు పోతే అన్నీ మరుపే. చవకకూ వేగానికీ మనం చెల్లించిన మూల్యం ఇది.

ఇక అరకు సంగతి. 2004లో నాకు అక్కడ ఒక విశ్రాంత ఉపాధ్యాయుడితో పరిచయమైంది. పేరు చెప్పను, మాస్టారు అంటే చాలు. ఆయన ఉద్యోగమంతా ఏజెన్సీ గ్రామాల్లోనే గడిచింది. కొండదొరల కూబి భాషలోని మాటలను ఏళ్ళ తరబడి నోటుపుస్తకాల్లో రాసుకుని, వాటిని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. యంత్రం 2000 సంవత్సరంలో కొన్నది. విండోస్ 98, 64 మెగాబైట్ల మెమరీ. తెలుగు టైపు చేయడానికి అచ్చు పనికి వాడే ఒక ఫాంటు. ఆయన బాధ ఒక్కటే: ఆ ఫాంటులో శకటరేఫ లేదు.

తెలుగులో 'ఱ' పోతే మనకు పెద్దగా నష్టం కనిపించదు. మామూలు 'ర'తో పని జరిగిపోతోంది. కూబికి అలా కాదు. మూలద్రావిడంలో ఉన్న ఆ ప్రాచీన ధ్వనిని మామూలు 'ర' నుండి వేరుగా నేటికీ నిలుపుకున్న భాష అది. ఈ రెండూ కలిసిపోతే రెండు వేర్వేరు మాటలు ఒకటైపోయే ప్రమాదం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతంలో తిరిగి ఈ భాషను పరిశోధించి, 1969లో దాని వ్యాకరణాన్ని వెలువరించారు. ఆ గ్రంథం పండితుల కోసం ఇంగ్లీషులో రాసినది. మాస్టారు కోరుకున్నది వేరు: బడిపిల్లలు తెలుగు లిపిలో చదువుకోగల పదాల పట్టీ. అందులో ఆయన 'ఱ' రావలసిన ప్రతిచోటా ఖాళీ వదిలి, ముద్రించిన కాగితం మీద కలంతో దిద్దుకునేవారు.

1991లో వచ్చిన యూనికోడు మొదటి ప్రతిలోనే తెలుగు ఉంది. అందులో 'ఱ' కూ ఒక స్థానం ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఉన్నాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికేవి. అయితే ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు కనీసపు మెమరీ. సరిగా నడవాలంటే 128 ఉండాలని దాన్ని తయారుచేసినవారే చెప్పారు. ఒక అక్షరం కోసం యంత్రపు జ్ఞాపకాన్ని పెంచవలసి వచ్చిందన్నమాట.

విశాఖపట్నం నూట పదిహేను కిలోమీటర్ల దూరం. అనంతగిరి ఘాటు దిగి, శృంగవరపుకోట మీదుగా వెళ్ళి ఒక దుకాణంలో వాడిన మెమరీ పలక కొన్నాను. అప్పటికే బజారులో డీడీఆర్ రకం రాజ్యమేలుతోంది. దానికి 184 కాళ్ళు, ఒకే గాటు. మాకు కావలసిన పాత ఎస్‌డీర్యామ్‌కు 168 కాళ్ళు, రెండు గాట్లు. ఒకదాని చోట మరొకటి పట్టదు. ఆ గాట్లు ఉన్నదే అందుకు. తిరిగివచ్చి, ప్లగ్గు తీసి, పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకుని, పలక అంచులు పట్టుకుని గాట్లు కుదిరేలా నొక్కాను. రెండువైపులా తెల్లని చెవులు టక్కుమని మూసుకున్నాయి. స్విచ్చి వేయగానే నల్లని తెర మీద అంకెలు పరుగెత్తి 196608 దగ్గర ఆగాయి. 64కు 128 చేరి 192 మెగాబైట్లు; టిఫ్రాక్ జ్ఞాపకానికి దాదాపు ఇరవైవేల రెట్లు.

ఎక్స్‌పీ ఎక్కించి, సీడీ నుండి భారతీయ లిపుల మద్దతు చేర్చాక, షిఫ్టు పట్టుకుని 'జె' మీట నొక్కమన్నాను. తెర మీద 'ఱ' వచ్చింది. మాస్టారు ఏమీ అనలేదు. ఆ మీటను వరుసగా ఒక పంక్తి నిండా నొక్కారు.

ఆ కొండలకూ జ్ఞాపకానికీ, కరెంటుకూ మధ్య ఉన్న సంబంధం నన్ను తరువాత చాలాకాలం ఆలోచింపజేసింది. ఆ పక్కనే మాచ్‌ఖండ్ నీళ్ళతో 1955 నుండి విద్యుత్తు పుడుతోంది. అది ముందుగా వెలిగించినది మైదానాలను. ఎన్నో కొండగ్రామాలకు తీగ చేరడానికి దశాబ్దాలు పట్టింది. చేరిన చోటా గాలివాన వస్తే గంటల తరబడి చీకటే. కారిపోయే జ్ఞాపకం ఉన్న యంత్రానికి ఇది శాపం. రెండు పంక్తులకొకసారి భద్రపరచుకోవడం మాస్టారికి ఊపిరి పీల్చినంత అలవాటైంది.

ఈ దారిలో ఆయనకు ముందు నడిచినవారున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రచురించారు. వ్యావహారికోద్యమ నాయకుడిగానే మనం ఆయనను తలచుకుంటాం. జనం నోట ఉన్న మాటను గౌరవించడం ఆయన సవరల మధ్య కూడా అభ్యసించారని గుర్తు చేసుకునేవారు తక్కువ. 1936లో మంగై గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. ఆ లిపికి యూనికోడులో స్థానం దక్కినది 2012లో. డెబ్బై ఆరేళ్ళ నిరీక్షణ!

2014లో ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది. నేడు చేతి ఫోనులో కూడా గిగాబైట్ల కొద్దీ మెమరీ ఉంది. 'ఱ' రాయడానికి ఎవరూ ఘాటు దిగనక్కరలేదు. ఇప్పుడు కొరత వేరొక చోట ఉంది. కొండదొరల్లో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడుతున్నారు. రెండు రేఫలనూ వేరుగా పలికే ముసలివారు తగ్గిపోతున్నారు. ఫెరైటు ఉంగరం చదివితే చెరిగేది, చిప్పు నింపకపోతే చెరిగేది. భాష పలకకపోతే చెరిగిపోతుంది. పలక కొని తగిలించగల జ్ఞాపకం కాదది. అరకు వైపు వెళ్ళే మిత్రులు కాఫీతోటలూ బొర్రా గుహలూ చూసి వస్తారు. వీలైతే ఈసారి ఒక అవ్వ దగ్గర కాసేపు కూర్చుని, అడిగి, ఒక పది మాటలు రాసుకు రండి. రాయడానికి కావలసిన అక్షరాలన్నీ ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి.