అమెరికా మాజీ సైనికుల ఉపాధి అశక్తత పరిహారం

సైన్యంలో పనిచేసిన కాలంలో తగిలిన దెబ్బ వల్లనో, అంటుకున్న జబ్బు వల్లనో ఏ ఉద్యోగంలోనూ నిలబడలేకపోతున్న మాజీ సైనికులకు, వైకల్య రేటింగ్ నూరు శాతం కాకపోయినా నూరు శాతం వైకల్యం కింద అమెరికా ప్రభుత్వం చెల్లించే నెలవారీ పరిహారం. దీన్ని నడిపేది మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వీఏ). మాజీ సైనికుల నోట దీని పేరు టీడీఐయూ, లేదా ఒట్టి ఐయూ. ఫెడరల్ నిబంధనావళి 38వ శీర్షికలోని 4.16 నిబంధన దీనికి ఆధారం.

తేడా చిన్నదేమీ కాదు. 2025 రేట్ల ప్రకారం భార్యాపిల్లలు లేని వ్యక్తికి 70 శాతం వైకల్యానికి నెలకు 1,759.19 డాలర్లు వస్తే, నూరు శాతానికి 3,831.30 డాలర్లు వచ్చేవి. దీని మీద ఆదాయపు పన్ను లేదు.

అర్హతలో మొదటి మెట్టు శాతాలది. ఒకే వైకల్యం ఉంటే దాని రేటింగ్ కనీసం 60 ఉండాలి. రెండో అంతకు మించో ఉంటే, వాటిలో ఒకటి కనీసం 40, అన్నీ కలిపి కనీసం 70 కావాలి. ఈ ‘కలపడం’ మామూలు కూడిక కాదు. మొదటి వైకల్యం పోను మిగిలిన సామర్థ్యంలోంచే రెండోది తీసివేస్తారు. నడుముకు 40, మోకాలికి 20, వినికిడికి 10 శాతం ఉన్నవారు తమకు 70 వచ్చిందని లెక్కవేసుకుంటారు. వీఏ లెక్క వేరు. నలభై పోగా మిగిలిన అరవైలో ఇరవై శాతం 12, అంటే మొత్తం 52. మిగిలిన 48లో పది శాతం కలిపితే సుమారు 57, దాన్ని దగ్గరి పదికి సవరిస్తే 60. అర్హత తప్పిపోయింది! అయితే ఒకే ప్రమాదంలో కలిగినవి, ఒకే శరీర వ్యవస్థకు చెందినవి, రెండు కాళ్లకు సంబంధించినవి, యుద్ధంలో తగిలిన పలు గాయాలు వంటివాటిని ఈ 60, 40 లెక్కల కోసం ఒకే వైకల్యంగా చూడాలని నిబంధనే చెబుతోంది. దరఖాస్తుదారులు తరచూ పట్టించుకోకుండా వదిలేసే వెసులుబాటు ఇది.

శాతాలు అందకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. నిజంగానే పని చేయలేని స్థితి ఉంటే వీఏ ప్రాంతీయ కార్యాలయం ఆ ఫైలును పరిహార విభాగం డైరెక్టరుకు పంపాలి. నెగ్గడం కష్టమైన దారే, కానీ ఉంది.

అసలు పరీక్ష శాతాలతో కాదు, పనితో. ‘గణనీయమైన ఆదాయమిచ్చే వృత్తిని సంపాదించలేకపోవడం లేదా కొనసాగించలేకపోవడం’ నిరూపించాలి. అప్పుడప్పుడు చేసే చిల్లర పనులు అడ్డం కావు. ఏడాది సంపాదన ఒంటరి మనిషికి జనగణన శాఖ నిర్ణయించే పేదరిక రేఖను దాటనంతవరకు దాన్ని నామమాత్రపు ఉపాధిగానే చూస్తారు. సంపాదన అంతకు మించినా, రక్షణ ఉన్న చోట చేసే పని కూడా ఆ కోవకే రావచ్చు: తమ్ముడి దుకాణంలో కూర్చుని, ఒంట్లో బాగున్న రోజు వెళ్లి, లేని రోజు మానేసినా జీతం ఆగని కొలువు అలాంటిది.

‘కూర్చుని చేసే పని చేయగలడు’ అని వైద్య పరీక్షకుడు రాసే ఒక్క వాక్యం చాలా దరఖాస్తులను దెబ్బతీస్తుంది. పాతికేళ్లు లారీలు బాగుచేసిన మెకానిక్‌కు కంప్యూటరు ముట్టిన అనుభవం లేకపోతే ఆ వాక్యానికి విలువెంత? మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు 2019లో రే వర్సెస్ విల్కీ తీర్పులో ఈ విషయాన్నే తేల్చింది. చదువు, నైపుణ్యం, పని చరిత్రతో పాటు కూర్చోవడం, నిలబడడం, బరువులెత్తడం, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, తోటివారితో మెలగడం, పని ఒత్తిడిని తట్టుకోవడం వంటివన్నీ చూడాలంది. సర్వీసుతో సంబంధం లేని జబ్బులను మాత్రం లెక్కలోకి తీసుకోరు. వయసునూ తీసుకోరు.

దరఖాస్తు ఫారం 21-8940. చివరిసారి పనిచేసిన తేదీ, పాత యజమానుల వివరాలు, పోగొట్టుకున్న పనిదినాలు అందులో రాయాలి. పాత యజమానుల నుంచి ఫారం 21-4192 ద్వారా సమాచారం తెప్పిస్తారు. ‘ఆరోగ్యం బాగాలేక మానేశాడు’ అని యజమాని రాసే ఒక్క ముక్క పది వైద్య నివేదికల కన్నా బలంగా పనిచేయగలదు. విడిగా అడగకపోయినా, రేటింగ్ పెంపు కోరిన క్లెయిములో పని చేయలేకపోతున్నట్టు ఆధారం కనిపిస్తే ఐయూ అందులో భాగమేనని 2009లో రైస్ వర్సెస్ షిన్‌సెకి తీర్పు చెప్పింది. తిరస్కరిస్తే 2019 ఫిబ్రవరి నుంచి మూడు మార్గాలున్నాయి: కొత్త సాక్ష్యంతో అనుబంధ క్లెయిము, పై అధికారి సమీక్ష, మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డుకు అప్పీలు.

సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతి వేరే పథకం. అక్కడ అన్ని జబ్బులూ, వయసూ చూస్తారు. రెండింటికీ అర్హత ఉంటే రెండూ తీసుకోవచ్చు, ఒకదాని కోసం ఇంకోదాన్ని తగ్గించరు.

మంజూరైన తర్వాత ఉద్యోగం దొరికిందన్న కారణంతోనే పరిహారం తగ్గించడానికి లేదు. ఆ ఉద్యోగం వరుసగా 12 నెలలు సాగి ఉండాలి. వైకల్యం శాశ్వతమని కూడా నిర్ణయిస్తే భార్య లేదా భర్తకు, పిల్లలకు చదువు సాయం, ఆరోగ్య బీమా వంటివి దక్కే వీలుంది.

పదవీ విరమణ వయసు దాటినవారికి ‘ఉద్యోగం చేయలేకపోవడం’ పేరిట డబ్బెందుకన్న వాదన చాలాకాలంగా ఉంది. విరమణ వయసులో దీన్ని ఆపితే ఎంత ఆదా అవుతుందో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కలు కట్టింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం తన బడ్జెట్ ప్రతిపాదనలో ఆ పని చేయబోయి, మాజీ సైనికుల సంఘాలు మండిపడడంతో వెనక్కి తగ్గింది.