5 సెంటీమీటర్ల గీత: స్కాన్ చూసి కొత్త లివర్ ఎవరికివ్వాలో ఎలా తేల్చారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక నంబర్ కథ చెప్తాను: 5 సెంటీమీటర్లు. లివర్ క్యాన్సర్ వచ్చిన మనిషికి లివర్ మార్పిడి చెయ్యాలా వద్దా అన్న చర్చ చాలా దేశాల్లో ఈ నంబర్ దగ్గరే మొదలవుతుంది.

1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మొదటిసారి మనిషికి లివర్ మార్చారు. ఆ చిన్నారి ఆపరేషన్ బల్ల మీదే రక్తస్రావంతో చనిపోయాడు. 1967లో ఇంకో పసిపాప ఏడాదికి పైగా బతికింది. ఆ పాపకి ఉన్నది లివర్ క్యాన్సరే. చివరికి ప్రాణం తీసింది కూడా ఆ క్యాన్సరే, వేరే చోట్లకి పాకి.

పాత లివర్ మొత్తం తీసేస్తే క్యాన్సర్ పోవాలి కదా? లాజిక్ బానే ఉంది. కానీ క్యాన్సర్ కణాలు అప్పటికే రక్తంలో కలిసి బయటపడి ఉంటే? పైగా కొత్త లివర్‌ని శరీరం తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడాలి. అందుకే చాలామందికి మళ్లీ వచ్చేసేది. దానమిచ్చే లివర్లేమో తక్కువ. ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేనట్టే. 1980ల చివరికి ఈ పేషెంట్లకి మార్పిడే వద్దు అనేదాకా వచ్చింది.

ఈలోగా స్కాన్లు వచ్చాయి. 1971లో లండన్‌లో సీటీ స్కానర్‌తో మొదటి పేషెంట్‌ని చూశారు. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, మనలాగే ఇంజినీర్. 1979లో ఆయనకి వైద్యంలో నోబెల్ వచ్చింది. లివర్ విషయంలో స్కాన్‌కి ఒక క్లూ దొరికింది. మామూలు లివర్‌కి ఎక్కువ రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది. ఈ క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని రక్తం తాగుతుంది. అందుకే డై ఎక్కించి స్కాన్ తీస్తే గడ్డ ముందు వెలుగుతుంది, తర్వాత ముందే మసకబారుతుంది.

1996లో మిలాన్‌లో విన్సెంజో మజ్జాఫెరో టీమ్ 48 మంది పేషెంట్ల ఫలితాలు బయటపెట్టింది. రూల్ సింపుల్: గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. మూడు వరకు ఉంటే ఏదీ 3 దాటకూడదు. రక్తనాళాల్లోకి, లివర్ బయటికి పాకకూడదు. 4 ఏళ్ల తర్వాత బతికున్నవాళ్లు 75 శాతం. మూసేసిన తలుపు మళ్లీ తెరుచుకుంది. దీన్నే మిలాన్ క్రైటీరియా అంటారు.

నన్ను ఆపేసింది అదే పేపర్‌లోని ఇంకో లెక్క. తీసేసిన లివర్లని కోసి చూస్తే, 48లో 13 మందికి అసలు గడ్డలు రూల్ దాటి ఉన్నాయి. స్కాన్ తక్కువ చూపించింది. రూల్ లోపలే ఉన్న 35 మందిలో 85 శాతం బతికితే, ఈ 13 మందిలో 50 శాతమే. అంటే గీత సరైనదే, గీసే కన్ను సరిపోలేదు.

సైజు, లెక్క ఒక్కటే కథ కాదని తర్వాత తేలింది. 2009లో మజ్జాఫెరో టీమే 1,556 మంది డేటా తీసి చూస్తే, మైక్రోస్కోప్‌లో మాత్రమే కనిపించే రక్తనాళాల దాడి ఫలితాన్ని మార్చేస్తోంది. అది ఆపరేషన్ అయ్యాకే కచ్చితంగా తెలుస్తుంది. ఇప్పుడు స్కాన్‌లోని ప్రతి పిక్సెల్ నుంచి దాన్ని ముందే పసిగట్టాలని చూస్తున్నారు. దీని పేరు రేడియోమిక్స్.

మన ఫీల్డ్‌లో మోడల్ తప్పితే రోల్‌బ్యాక్ చేస్తాం. ఇక్కడ ఒకవైపు తప్పితే బతకగలిగే మనిషికి లివర్ అందదు, ఇంకోవైపు తప్పితే దాత ఇచ్చిన లివర్ వృథా. అందుకే ఎవరైనా "మా ఏఐ 90 శాతం కరెక్ట్" అంటే, నేను ముందు అడిగేది ఒకటే: మిగతా 10 శాతం ఎవరు?