పాకనిపుణులకు సన్మానము

రుచిగల వంటను మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు మనము “నలభీమపాకము” అందుము. నలుడు నిషధదేశపు రాజు. భీముడు కురువంశపు రాజకుమారుడు. ఒకడు ఋతుపర్ణుని కొలువున, ఇంకొకడు విరాటుని కొలువున మాఱువేషముతో వంట చేసిరి. రాజులు కష్టకాలమున గరిటె పట్టినందుకు వారి పేళ్లు నేటికిని నిలిచియున్నవి. జీవితమంతయు పొయ్యి యొద్దనే గడపినవారిలో ఒక్కరి పేరైనను మన సామెతలలోనికి ఎక్కలేదు.

పాకనిపుణుని గౌరవింపవలెనను తలంపు ఇతరదేశములందు ప్రాచీనకాలముననే కానవచ్చుచున్నది. ఇటలీ దక్షిణతీరమున సిబారిస్ అను గ్రీకు పట్టణము ఉండెను. క్రీ. పూ. 510లో క్రోటన్ పట్టణమువారు దానిని నాశనము చేసిరి. సిబారిస్ వాసులు భోగలాలసులని గ్రీకు రచయితలు పరిహసించుచు వచ్చిరి. వారి కట్టుబాట్లలో ఒకదానిని ఫిలార్కస్ అను చరిత్రకారుని మాటగా అథెనేయస్ క్రీ. శ. 200 ప్రాంతమున వ్రాసి యుంచెను. వంటవాడెవడైనను అపూర్వమైన వంటకమును కనిపెట్టినచో, ఒక సంవత్సరముదాక దానిని వండు హక్కు వానికే చెందును. దానివలన తక్కినవారును ఒకరి నొకరు మించుటకు పాటుపడుదురని దాని యుద్దేశము. పట్టణము నశించిన చాలకాలమునకు వ్రాయబడిన మాట గనుక దీనిని అక్షరాల నమ్మనక్కఱలేదు. అయినను వంటకమును ఒక బుద్ధికల్పనగా ఎంచిన భావము మాత్రము మెచ్చదగినది.

సిబారిస్ వారు హక్కునిచ్చి కల్పనను కాపాడిరి. ఫ్రెంచివారు ధనమిచ్చి కల్పనను లోకమునకు విప్పించిరి. నికొలా అపేర్ 1749లో షాలోన్ పట్టణమున ఒక పూటకూటియింటి యజమానికి జన్మించెను. వంట నేర్చి, ఒక జర్మను ప్రభువు కొలువున పనిచేసి, పిమ్మట పారిస్‌లో మిఠాయి దుకాణము పెట్టెను. ఉప్పు, చక్కెర, పులుపు పదార్థమును నిలుపును గాని దాని సహజరుచిని మార్చును. రుచి మారకుండ నిలుపు ఉపాయమును అతడు ఏండ్లతరబడి వెదకెను. మాంసమును, కూరలను, పండ్లను గాజుసీసాలలో నింపి, బిరడా బిగించి, తీగతో కట్టి, నీళ్లకాగులో నుంచి మరిగించెను. నెలలు గడచినను అవి చెడలేదు. ఎందువలన చెడలేదో అతడెఱుగడు. పదార్థములు కుళ్లుటకు సూక్ష్మజీవులు కారణమని పాశ్చర్ నిరూపించినది 1860 తరువాతి మాట. శాస్త్రము వివరింపక మునుపే వంటవాని అనుభవము ఆ పని చేసి చూపినది.

ప్రభుత్వము అతనికి రెండు మార్గములు చూపినది. పేటెంటు పొంది తానొక్కడే లాభించుట యొకటి. విధానమును ప్రకటించి బహుమానము పొందుట రెండవది. అపేర్ రెండవదానినే కోరెను. 1810లో 12,000 ఫ్రాంకులు ముట్టినవి. ఆ యేడే పుస్తకము వెలువడినది. అందులో 200 ప్రతులు ప్రభుత్వమునకు సమర్పింపవలెనని నిబంధన. రేకుడబ్బాల పద్ధతికి పీటర్ డ్యూరాండ్ ఇంగ్లండులో పేటెంటు పొందినదియు ఆ యేడే; డబ్బాల పరిశ్రమ అచ్చట బలపడినది. మాసీ గ్రామమందలి అపేర్ కర్మాగారమో, 1814-15 యుద్ధములలో ధ్వంసమైనది. 1822లో అతనికి “మానవజాతి యుపకారి” యను బిరుదము లభించెను. కాని ఆ బిరుదము కడుపు నింపలేదు. 1841లో పేదరికమున మరణింపగా ఉమ్మడి గోతిలో పూడ్చిరి. నూఱేండ్లు గడచిన పిమ్మట, 1942లో, అమెరికాలోని ఆహారశాస్త్రజ్ఞులు అతని పేర ఒక పురస్కారమును స్థాపించిరి.

సకాలమున గౌరవము పొందిన యొక స్త్రీ కథయు ఫ్రాన్సుననే కలదు. యూజెనీ బ్రేజియే 1895లో పుట్టెను. బాల్యముననే తల్లిని కోల్పోయి పొలములలో పనిచేసెను. పెండ్లి కాకయే తల్లి యగుటచే తండ్రి ఇల్లు వెడలగొట్టెను. లియాన్ నగరమున పరుల వంటయిండ్లలో పనిచేసి, 1921లో సొంత భోజనశాల తెఱచెను. 1933లో మిషలిన్ టైర్ల కంపెనీవారి మార్గదర్శిని ఆమె భోజనశాలలు రెంటికిని మూడేసి నక్షత్రములు ప్రకటించినది. అంతకు మునుపు ఆఱు నక్షత్రములు ఒక్కరికి దక్కియుండలేదు. తీర్పరులు ఆమె పూర్వచరిత్ర నడుగలేదు, పళ్లెమునే చూచిరి.

మనమో, వంటమనిషిని పెట్టుకొనునప్పుడు మొదట కులమును, పిమ్మట జీతమును అడుగుదుము. నైపుణ్యము కడపటి ప్రశ్న. ఇంటివారైనచో ఆ ప్రశ్నయు లేదు. మా బాల్యమున మా యింట మేనత్త యొకతె యుండెను. పదునేడవ యేట భర్తను కోల్పోయి పుట్టినింటికి వచ్చి, నలువది యేండ్లు వంటయింటనే గడపెను. ఏటేట ఆవకాయ పెట్టునది ఆమెయే. మామిడిముక్క తడియారినదో లేదో వ్రేలితో తాకి చెప్పెడిది. ఆవపిండి ఘాటును వాసనచేతనే నిర్ణయించెడిది. ఆమె పెట్టిన జాడీ మఱుసటి వేసవివఱకును బూజు నెఱుగదు. అతిథులు “ఎవరు పెట్టిన ఆవకాయ?” అని యడిగినచో పెద్దలు “మా యింటిదే” అనెడివారు గాని ఆమె పేరు చెప్పెడివారు కారు. ఆమె పోయిన యేడు జాడీ బూజుపట్టినది. సంస్కృతమును, ఇంగ్లీషును చదివిన మేము ఆమె కొలతలను ఒక్క కాగితముమీద వ్రాసికొనమైతిమి.

లంకల గన్నవరమున ఆకొన్నవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు పెట్టినది. దాతృత్వమునకు అది తగిన గౌరవము. పాకనైపుణ్యమునకు జరుగవలసిన గౌరవము ఇంకను మిగిలియున్నది. అది ప్రభుత్వమువలననే రానక్కఱలేదు. వంటకమును, కొలతలను, చేసినవారి పేరును ఒకచోట వ్రాసి, వారు బ్రదికియుండగనే వారికి చదివి వినిపించుట ప్రతి గృహస్థునకును సాధ్యము. ఈ వేసవిలో జాడీకి వాసెన కట్టునాడు, పెట్టినవారి పేరును ఆ జాడీమీద వ్రాయుడు.